నవ్వు వెనక లెక్క: మీమ్స్ చెప్పే వ్యాపార పాఠాలు



మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చే తెలుగు పీరియడంటే మాకు కొంచెం బెంగే. పుదుచ్చేరి ఉక్క, కడుపునిండా సాంబారన్నం, పైన ఫ్యాను జోల. ఆ వేళ సంధులూ సమాసాలూ ఎవరి చెవికి ఎక్కుతాయి? ఒక రోజు అలాంటి పీరియడులోనే తొమ్మిదో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతుంటే, ఒక పుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో గీసిన రెండు బొమ్మలు కనిపించాయి. రెండింటిలోనూ బ్రహ్మానందం గారే. మొదటి బొమ్మ కింద "ఒకటో తారీఖు" అని ఉంది. అందులో ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. రెండో బొమ్మ కింద "పదో తారీఖు" అని ఉంది. అందులో ఆయన రెండు జేబులూ బయటికి లాగి చూపిస్తున్నారు.

చేతిలో ఎర్ర కలం ఉంది కాబట్టి కోప్పడాలి. కాని నవ్వు ఆగలేదు. నవ్వాక ఆలోచిస్తే, ఆ రెండు బొమ్మల్లో ఉన్నది ప్రతి ఉద్యోగి ఇంట్లోనూ నెల నెలా జరిగే జమాఖర్చుల పాఠమే కదా అనిపించింది. ఆ రోజు నుంచి వారంలో ఒక పీరియడు చివరి పది నిమిషాలు మీమ్స్‌కి కేటాయించాం. బడిలో ఫోన్లు ఉండవు కాబట్టి మీమ్‌ని కాగితం మీద గీయాలి, కింద మాట తెలుగులో రాయాలి, అందులో వ్యాపారానికో డబ్బుకో సంబంధించిన ఒక సంగతి ఉండాలి. నియమాలు ఇవే. ఆ పది నిమిషాల్లో మేము నేర్పిందీ, మేమే నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం.

మీమ్ అంటే ఏమిటి?

ఈ మాట ఇంటర్నెట్ కంటే ముందే పుట్టింది. రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త 1976లో వచ్చిన "ద సెల్ఫిష్ జీన్" అనే పుస్తకంలో దీన్ని మొదటిసారి వాడారు. అనుకరణ అనే అర్థం ఉన్న గ్రీకు మాటను కుదించి, జీన్ అనే మాటకు ప్రాస కుదిరేలా మీమ్ అన్నారు. ఒకరిని చూసి ఒకరు పట్టుకునే పాట, మాట, అలవాటు, ఆలోచన అన్నీ ఆయన లెక్కలో మీములే. ఆ లెక్కన మన సామెత కూడా మీమే. ఎవరు పుట్టించారో తెలియదు, అందరి నోటా ఉంటుంది, సందర్భం వచ్చినప్పుడల్లా కొత్తగా పనికొస్తుంది.

తెలుగు మీమ్‌లలో బ్రహ్మానందం గారిదే సింహభాగమని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరరు. కాబట్టి ఆయన ముఖంతో పాఠం చెప్పడంలో మాకు కొంచెం గర్వం కూడా ఉందని ఒప్పుకుంటున్నాం.

మీమ్‌లో ఒక సుగుణం ఉంది. దాన్ని చూసి నవ్వాలంటే ముందు అర్థం కావాలి. "పదో తారీఖు" బొమ్మకు నవ్వినవాడికి, రాబడి ఒక్కసారే వస్తుందనీ ఖర్చు రోజూ ఉంటుందనీ అప్పటికే తెలుసు. ఆ తెలిసిన దాన్ని పైకి తీసి, పేరు పెట్టి, లెక్క కట్టించడమే మా పని. అందుకు మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. నవ్వు వెనక ఉన్న లెక్క ఏమిటి? బొమ్మలో కనిపించనిది ఏమిటి? ఈ నవ్వు ఎవరి మీద?

మొదటి ప్రశ్న: నవ్వు వెనక లెక్క ఏమిటి?

మా చిన్నప్పుడు కిరాణా కొట్లో గల్లాపెట్టె వెనక ఒక పటం ఉండేది. అందులో రెండు బొమ్మలు. ఒకదాంట్లో బొజ్జ నిమురుకుంటూ కూర్చున్న షావుకారు, పక్కన డబ్బు మూటలు. ఆయన రొక్కానికి అమ్మినవాడు. రెండోదాంట్లో బక్కచిక్కి తల పట్టుకున్న మనిషి, చుట్టూ చిత్తుకాగితాలు, ఖాళీ పెట్టె. ఆయన అరువుకి అమ్మినవాడు. మరికొన్ని కొట్లలో బొమ్మ లేకుండా ఒక్క అట్టముక్క వేలాడేది: "అప్పు రేపు." మర్నాడు వెళ్లి అడిగినా అట్ట మీద మాట అదే. ఇప్పుడు మీరు పక్కపక్కన రెండు బొమ్మలు పెట్టి చేసే మీమ్‌కీ ఆ పటానికీ తేడా ఏముంది? తెర మారింది, అంతే.

దాని వెనక లెక్క చూద్దాం. ఒక చిన్న కొట్టువాడు పదివేలు పెట్టి సరుకు తెచ్చాడు. పన్నెండువేలకు అమ్మాడు. లాభం రెండువేలు. కాని అందులో మూడువేలు అరువు. అంటే చేతికి వచ్చింది తొమ్మిదివేలు. మళ్లీ సరుకు తేవాలంటే పదివేలు కావాలి. పుస్తకంలో రెండువేల లాభం ఉన్న మనిషి, మార్కెట్లో వెయ్యి రూపాయలు తక్కువై నిలబడ్డాడు. లాభం వేరు, చేతిలో రొక్కం వేరు. రోజువారీ వ్యాపారం నడవడానికి కావలసిన ఈ డబ్బునే నిర్వహణ మూలధనం అంటారు. పదకొండు, పన్నెండు తరగతుల్లో కామర్స్ తీసుకునే అన్నయ్యలూ అక్కయ్యలూ దీన్ని పెద్ద అధ్యాయంగా చదువుతారు. కొట్టువాడు ఒక్క అట్టముక్క మీద రాశాడు.

రెండో ప్రశ్న: బొమ్మలో కనిపించనిది ఏమిటి?

2023 జులైలో టమాటా ధర కిలో వంద దాటి, కొన్ని చోట్ల రెండువందల దాకా వెళ్లింది. గుర్తుందా, ఆ రోజుల్లో ఎన్ని మీమ్స్ వచ్చాయో! టమాటాలను బీరువాలో దాచడం, పెళ్లిలో నగలకు బదులు టమాటాల పళ్లెం పెట్టడం. "అహ నా పెళ్ళంట" సినిమాలో కోట శ్రీనివాసరావు గారు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సన్నివేశం కూడా ఇలాంటి ధరలప్పుడే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. ఆ సినిమా 1987 నాటిది. బొమ్మ పాతదైనా ధర కొత్తది.

నవ్వు వెనక లెక్క తేలికే. సరుకు తగ్గింది, కొనేవాళ్లు తగ్గలేదు, ధర పెరిగింది. ఇక రెండో ప్రశ్న వేశాం: ఈ బొమ్మల్లో ఎవరు లేరు? తరగతిలో కాసేపు నిశ్శబ్దం. చివరికి ఒక అమ్మాయి, "రైతు లేడండీ" అంది. నిజమే. చిత్తూరు వైపు మదనపల్లె మార్కెట్ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. ఆ జులైలో పంట చేతిలో ఉన్న రైతుకు డబ్బు బాగానే వచ్చింది. ధర చూసి మరెందరో టమాటా వేశారు. ఆ పంటంతా ఒక్కసారే మార్కెట్‌కి వచ్చేసరికి సెప్టెంబరులో ధర నేలకు దిగింది. కోత కూలి, రవాణా కూడా గిట్టక సరుకును పారబోసినవాళ్లున్నారు. ధర పెరిగినప్పుడు వచ్చినన్ని మీమ్స్ పడిపోయినప్పుడు రాలేదు. కొనేవాడి కష్టం మీద నవ్వు తొందరగా పుడుతుంది, పండించేవాడి కష్టం బొమ్మలోకే రాదు. వ్యాపారం చదివేవాడు ఆ కనిపించని సగం కోసం వెతకాలి.

ఇంకొక ఉదాహరణ హైదరాబాదుది. మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం, మాంసం కూరలు అమ్మే కుమారి ఆంటీని 2024 జనవరిలో తెలుగువాళ్లందరూ గుర్తుపట్టారు. రెండు లివర్లు ఎక్స్‌ట్రా, మొత్తం వెయ్యి అయిందని ఆవిడ ఒక గిరాకీకి లెక్క చెప్పిన చిన్న వీడియో మీమ్ అయి కూర్చుంది. ఆవిడ ఎన్నో ఏళ్లుగా అక్కడే వండి వడ్డిస్తున్నారు. ప్రచారం మీద ఒక్క పైసా పెట్టలేదు. అయినా ఏ పెద్ద హోటలుకూ రానంత జనం వచ్చారు. ఇక్కడి దాకా చూసి మీరు, "మీమ్ అయితే చాలు, వ్యాపారం అదే నడుస్తుంది" అనుకోవచ్చు.

కనిపించనిది చూద్దాం. జనం రోడ్డు మీదికి వచ్చారు, వాహనాలు ఆగిపోయాయి, పోలీసులు బండి తీసేయమన్నారు. బోలెడు పేరు వచ్చిన ఆ నెలలోనే బతుకుతెరువు ఆగిపోయే పరిస్థితి ఏర్పడింది. జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని, అక్కడే అమ్ముకోనివ్వమని చెప్పాకే ఆవిడకు ఊరట దొరికింది. వీడియో తీసుకోవడానికి వచ్చినవాళ్లంతా భోంచేసి వెళ్లేవాళ్లు కారు. జనం వేరు, గిరాకీ వేరు. వందమందికి వండే చోటుకి వెయ్యిమంది వస్తే గిన్నెలు, చేతులు, నిలబడే స్థలం, రోడ్డు అన్నీ చాలకుండా పోతాయి. దీన్ని సామర్థ్యం అంటారు. గిరాకీ పెంచుకోవడం కంటే పెరిగిన గిరాకీని మోయడమే కష్టమని ఆ జనవరి చెప్పింది.

మూడో ఉదాహరణ మరీ విచిత్రమైనది. జపాన్‌లోని ఒక పెంపుడు కుక్క ఫోటో "డోజ్" అనే మీమ్ అయింది. ఆ కుక్క పేరు కబోసు. 2013లో ఇద్దరు ఇంజనీర్లు ఆ కుక్కబొమ్మతో సరదాకి ఒక క్రిప్టో కరెన్సీ తయారుచేసి డోజ్‌కాయిన్ అన్నారు. సరదా ముదిరి, 2021 మేలో దాని ధర 70 అమెరికన్ సెంట్లు దాటింది. తర్వాతి ఏడాది జూన్ నాటికి పది సెంట్ల లోపుకు పడిపోయింది. ఇక్కడ కనిపించనిది ఏమిటి? పునుగులు అమ్మేవాడి దగ్గర పునుగులున్నాయి, కుమారి ఆంటీ దగ్గర అన్నం ఉంది. ఇక్కడ వెనకాల సరుకూ లేదు, సేవా లేదు. నా కంటే ఎక్కువకు ఇంకొకడు కొంటాడన్న ఆశ ఒక్కటే ఉంది. నవ్వుతూ కొన్నవాళ్లలో చివర కొన్నవాళ్లకు లాభం గూబల్లోకి వచ్చింది.

మూడో ప్రశ్న: ఈ నవ్వు ఎవరి మీద?

నవ్వుతో ఎక్కువ కాలం వ్యాపారం చేసినవాళ్లెవరని అడిగితే మేము అమూల్ పేరు చెబుతాం. చుక్కల గౌను వేసుకున్న ఆ పాప 1966 నుంచి హోర్డింగుల మీద ఉంది. సిల్వెస్టర్ డాకున్హా ప్రకటనల సంస్థ ఆలోచనకు యూస్టేస్ ఫెర్నాండెజ్ బొమ్మ గీశారు. క్రికెట్ గెలిచినా, సినిమా ఆడినా, బడ్జెట్ వచ్చినా ఆ పాప ఒక మాట అంటుంది. మాటల గారడీ ఉంటుంది, చివర్లో వెన్న ఉంటుంది. ఇంటర్నెట్ లేని రోజుల్లో రోడ్డు మీద నిలబడ్డ మీమ్ అది. జోకు మారుతుంది, పాప మారదు. వార్త పాతబడకముందే హోర్డింగు మారుతుంది. ఆ నవ్వు ఎక్కువగా నలుగురికీ తెలిసిన సంఘటనల మీద, పెద్ద పెద్ద వాళ్ల మీద ఉంటుంది. కొట్టుకి వచ్చి వెన్న అడిగే మనిషి మీద ఉండదు.

ఈ మూడో ప్రశ్నను మేము పుస్తకంలో చదివి పెట్టుకోలేదు. మేము చేసిన తప్పు నుంచి వచ్చింది. అది కూడా చెప్పాలి.

మన బడి మేళాలో తెలుగు పిల్లలు పునుగుల స్టాలు పెట్టారు. ప్లేటు ఇరవై రూపాయలు, పక్కన అల్లం పచ్చడి. బ్రహ్మానందం గారి బొమ్మతో ఒక పెద్ద మీమ్ గీసి వేలాడదీశారు. మొదటి అరగంట ఈగలు కూడా వాలలేదు. తప్పు ఎక్కడుందో ఎనిమిదో తరగతి అరవ స్నేహితుడొకడు పట్టుకున్నాడు. మీకు ఆయన్ని చూస్తే నవ్వొస్తుంది, మాకు రాదు కదా అన్నాడు. వాడే కూర్చుని వడివేలు గారి నేసమణి బొమ్మ గీశాడు. "ఫ్రెండ్స్" అనే తమిళ సినిమాలో వడివేలు వేసిన కాంట్రాక్టర్ నేసమణి నెత్తిన సుత్తి పడుతుంది. 2019 మేలో ఆ పాత్ర కోలుకోవాలని ప్రార్థించమంటూ నడిచిన సరదా ప్రపంచమంతా పాకింది. బొమ్మలో నేసమణి నెత్తిమీద సుత్తికి బదులు పునుగు పడుతోంది. ఇక చూడండి, వరస కట్టారు. సరుకు మారలేదు, ధర మారలేదు, స్టాలు జరగలేదు. కొనేవాడు నవ్వే భాష తెలిసింది, అంతే. మూడేళ్లకొక ఊరు మారే మీకు ఈ పాఠం మిగతావాళ్ల కంటే బాగా అర్థమవుతుంది. కొత్త బడిలో మొదటి వారం మీ పాత బడి జోకులకు ఎవరూ నవ్వరు. అక్కడివాళ్లు దేనికి నవ్వుతారో చూసి పట్టుకున్న రోజే ఆ బడి మీదవుతుంది.

సాయంత్రం లెక్క చూశాం. 90 ప్లేట్లు, 1,800 రూపాయలు. నూనె, పిండి, గ్యాసు, కాగితం ప్లేట్లు కలిపి ఖర్చు 1,150. లాభం 650. కాని డబ్బాలో తీరా లెక్కపెడితే 1,540 ఉంది. 13 ప్లేట్లు "రేపిస్తాన్రా" అంటూ స్నేహితులు తిన్నారు. అప్పటికి రెండు వారాల ముందే "అప్పు రేపు" పాఠం చెప్పుకున్న పిల్లలు వీళ్లే!

మర్నాడు అందరూ ఇచ్చేశారు. ఒక్కడు ఇవ్వలేదు. వాడు తనకూ ఇంకో ఇద్దరికీ కలిపి మూడు ప్లేట్లు తీసుకున్నాడు. 60 రూపాయలు. వారం గడిచింది. స్టాలు పిల్లలు ఆ పాత పటం పద్ధతిలో ఒక మీమ్ గీసి తరగతి గోడకు అంటించారు. ఎడమవైపు రొక్కం ఇచ్చినవాడు, కుడివైపు అరువు పెట్టినవాడు. కుడివైపు ముఖం వాడిదేనని చూడగానే తెలిసిపోతోంది. గీత చక్కగా కుదిరింది. మేమూ చూశాం. మేమూ నవ్వాం.

ఆ తర్వాత రెండు రోజులు వాడు తెలుగు పీరియడుకు రాలేదు. మూడో రోజు తెలిసింది, వాళ్ల నాన్నగారికి బదిలీ అయిందని. ఆ వారమంతా ఇంట్లో సామాను కట్టడం, లారీ మాట్లాడడం, ఉన్న డబ్బంతా దానికే. అరవై రూపాయలు అడగడానికి వాడికి నోరు రాలేదు. టీసీ తీసుకున్న రోజు ఒక కవరు ఇచ్చి వెళ్లాడు. అందులో అన్నీ పది రూపాయల నోట్లే, ఆరు. ఉత్తరం లేదు.

మేము కూడా బదిలీల మనుషులమే. ఊరు వదిలే వారం ఇల్లు ఎలా ఉంటుందో మాకు తెలియదా? తెలిసీ నవ్వాం. ఆ గోడ మీద కాగితం తీసేసి, తరగతిలో ఆ సంగతే మాట్లాడుకున్నాం. అరువు మీద జోకు వేయవచ్చు, అరువు తీసుకున్న మనిషి మీద వేయకూడదు. ఇది మర్యాద మాత్రమే అనుకోకండి, వ్యాపార సూత్రం కూడా. గోడకెక్కిన గిరాకీ మళ్లీ ఆ కొట్టుకి రాడు, వాణ్ణి చూసిన పదిమందీ రారు. పైగా అసలు తప్పు అమ్మినవాళ్లదే. ఎవరికి ఎంత పెట్టామో చీటీ రాయలేదు, ఎప్పటిలోగా ఇవ్వాలో చెప్పలేదు. లెక్క రాయనివాడు ఆ తప్పును జోకుతో కప్పుకున్నాడు.

మీరు గీసే ముందు

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఆదివారం మహాత్మా గాంధీ రోడ్డు పొడవునా జరిగే సండే మార్కెట్‌కి అమ్మానాన్నలతో వెళ్లండి. బట్టలవాళ్లు, చెప్పులవాళ్లు జనాన్ని నవ్వించి ఎలా పిలుస్తున్నారో వినండి. అరవం రాకపోతే పక్కింటి స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్లండి. మీరు విన్న వాటిలో ఒకదాన్ని మీమ్‌గా గీయండి, కింద రెండు వాక్యాల్లో లెక్క రాయండి. గీసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి: 

సరుకు గురించి లేని గొప్ప చెప్పకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో జరిమానా ఉంది. నవ్వు కోసం చెప్పినా అబద్ధం అబద్ధమే. ధర, పరిమాణం స్పష్టంగా రాయండి. తెలిసినవాళ్ల ముఖం గీయాలంటే ముందు వాళ్లను అడగండి. వద్దంటే మానేయండి.

ఆఖరి నియమం మేమూ పాటించాం. ఈ వ్యాసం రాసే ముందు ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారి నంబరు సంపాదించి ఫోన్ చేశాం. నవ్వినందుకు ముందు వాడికి క్షమాపణ చెప్పుకున్నాం. తర్వాత, పేరు లేకుండా నీ సంగతి రాయవచ్చా అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు. "రాయండి సార్" అన్నాడు. తర్వాత ఒక షరతు పెట్టాడు.

"ఆ రోజు పునుగుల్లో ఉప్పు తక్కువైంది సార్. మూడు ప్లేట్లలోనూ తక్కువే. అది కూడా రాయండి."

రాశాం. స్టాలు పిల్లలు గమనించాలి. డబ్బు పూర్తిగా చెల్లించిన గిరాకీ మాట ఇది.